ఈ పని ఏడాది ఆగితే ఎవరికి ఏమవుతుంది? తాగునీటికీ వరద కట్టలకూ నిధుల వరుస

ఉమ్మడి ప్రకాశం జిల్లా పరిషత్తు సభ్యులుగా మీరు అడిగిన ప్రశ్నను ముందుగా రెండు మాటల్లో చెప్పుకుంటాను. పడమటి మండలాల సభ్యులు మొదటి రూపాయి ఫ్లోరైడ్ లేని తాగునీటికే వెళ్ళాలంటున్నారు. తీర మండలాల సభ్యులు తుపాను వచ్చిన ప్రతిసారీ వాగులు పొంగి ఊళ్ళు మునుగుతున్నాయి కాబట్టి ముందు కట్టలు, మురుగు కాలువల పని చూడాలంటున్నారు. ఉన్న డబ్బు రెండింటికీ చాలదు. సభలో గొంతు పెద్దగా ఉన్నవారి పక్షానికి నిధులు పోకుండా ఒక లెక్క ప్రకారం వరుస పెట్టాలంటే ఎలా అన్నది మీ సందేహం. నేను నీటిపారుదల శాఖలో మూడు దశాబ్దాలకు పైగా, అందులో కొంతకాలం డిప్యుటేషన్ మీద గ్రామీణ నీటి సరఫరా విభాగంలో, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

తాగునీరు ముఖ్యమా, వరద రక్షణ ముఖ్యమా అని అడిగినంతకాలం మీకు జవాబు దొరకదు, ఎందుకంటే అది రెండు శాఖల మధ్య ప్రశ్న అవుతుంది తప్ప రెండు పనుల మధ్య ప్రశ్న కాదు. మీ ముందుకు వచ్చిన ప్రతి ఎస్టిమేటునూ విడిగా పట్టుకుని ఒకే సంగతి అడగండి: ఈ పనిని ఈ ఏడాది చేయకుండా వచ్చే ఏడాదికి తోస్తే ఎవరికి ఏ నష్టం జరుగుతుంది, ఆ నష్టాన్ని తర్వాత డబ్బు పెట్టి పూడ్చగలమా? ఇలా అడగడం మొదలుపెట్టిన తర్వాత, పెద్ద అక్షరాలతో శిలాఫలకం వేసే పనులు చాలావరకు కిందికి జారి, ఎవరూ ప్రస్తావించని చిన్న పనులు పైకి రావడం నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

అలా పైకి వచ్చే వాటిలో మొదటిది, ఇప్పటికే కట్టుకున్నదాన్ని నిలబెట్టుకునే పని. మీ జిల్లాలోనే గుండ్లకమ్మ జలాశయం ఉంది. మల్లవరం దగ్గర కట్టి, 2008లో ప్రారంభించిన ఈ జలాశయం నిల్వ సామర్థ్యం 3.8 టీఎంసీలకు పైగా ఉంటుంది. సుమారు 80 వేల ఎకరాల ఆయకట్టుతో పాటు ఒంగోలు తాగునీటి అవసరాలు కూడా దాని లెక్కలో ఉన్నాయి. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజుల్లో మరో గేటు పోయింది. రెండుసార్లూ రైతు కోసం ఆపుకున్న నీళ్ళు సముద్రంలో కలిశాయి. కారణాల విచారణ జోలికి నేను పోవడం లేదు. నిధుల వరుస గురించి ఆలోచించే మీకు ఒక్క విషయం చాలు. జలాశయం గేటు అంటే తాగునీటి పనా, సాగునీటి పనా, వరద రక్షణ పనా? మూడూ అదే. గేటు తాళ్ళకు గ్రీజు పెట్టడం, తుప్పు గీకి రంగు వేయడం, రబ్బరు సీళ్ళు మార్చడం, కరెంటు పోయిన రాత్రి కోసం జనరేటరులో డీజిల్ ఉంచడం, ఇవన్నీ కలిపినా జలాశయం కట్టిన ఖర్చు పక్కన కనిపించనంత చిన్న మొత్తం. ఆ చిన్న మొత్తాన్ని ఆపినందుకు పడే మూల్యం ఒక పంటకాలం మొత్తం.

పక్కనే ఉన్న పెన్న పరీవాహకంలో దీనికంటే చాలా పెద్ద పాఠం 2021 నవంబరు 19న జరిగింది. కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. ఆ ప్రాజెక్టుకున్న అయిదు గేట్లలో ఒకటి అప్పటికి పనిచేసే స్థితిలో లేదు. చెయ్యేరు సోమశిల జలాశయానికి ఎగువనే పెన్నలో కలుస్తుంది; అప్పటికే నిండుగా ఉన్న సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదలవలసి వచ్చింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కోసుకుపోయి, చెన్నై వైపు రైళ్ళు ఆగిపోయాయి. నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న కాలనీల వాళ్ళు ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. పైన గేట్ల సంగతి, సోమశిలలో వరద కోసం ఎంత ఖాళీ ఉంచుకోవాలన్న సంగతి, కింద పొర్లుకట్టల (ఊళ్ళలోకి వరద రాకుండా నది ఒడ్డున పోసిన మట్టికట్టల) సంగతి వేర్వేరు పద్దుల్లో ఉంటాయి కానీ, నీళ్ళకు ఆ పద్దులు తెలియవు.

పొర్లుకట్ట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సభల్లో దాన్ని కిలోమీటర్ల లెక్కన మాట్లాడతారు. ఇన్ని కిలోమీటర్ల కట్ట ఇంత ఎత్తు పెంచాలని ఎస్టిమేటు తయారవుతుంది. వరద మాత్రం కట్ట పొడుగునా సమానంగా పనిచేయదు, బలహీనమైన చోటును వెతుక్కుంటుంది. నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన తొలినాళ్ళలో, కార్తీకమాసపు వానల్లో ఒక రాత్రి, పెన్న కట్ట మీద గస్తీ తిరుగుతున్నాము. నా వెంట ఉన్న పెద్దవయసు లస్కరు (కట్టలను కనిపెట్టుకుని ఉండే శాఖ ఉద్యోగి) టార్చిలైటు నది వైపు వేయకుండా ఊరి వైపు వాలు కింద వేసుకుంటూ నడుస్తున్నాడు. ఒకచోట ఆగి, కిందికి దిగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని లైటు వెలుగులో చూసి, "సార్, ఇందాకటి దాకా తేటగా వచ్చింది, ఇప్పుడు మట్టి వస్తోంది" అన్నాడు. కట్ట అడుగు నుంచి ఊరే నీరు తేటగా ఉన్నంతసేపు భయం లేదు. అది ఎర్రబడిందంటే నీటితో పాటు కట్ట లోపలి మట్టి బయటకు వస్తోందని, బుంగ పడుతోందని అర్థం. నేను ఇసుక బస్తాలతో ఆ రంధ్రాన్ని మూసేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మూస్తే నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుందని చెప్పి, రంధ్రం చుట్టూ బస్తాలతో నడుము ఎత్తున బావి గట్టులాగా కట్టించాడు. లోపల నీరు పైకి లేచేకొద్దీ బయటి నీటి ఒత్తిడికి ఎదురు బరువు ఏర్పడి, అరగంటలో ఊట మళ్ళీ తేటపడింది. తెల్లవారి చూస్తే అక్కడ పెద్ద చిల్లచెట్టును కొట్టేసిన మోడు ఉంది. వేళ్ళు లోపల కుళ్ళి గొట్టాల్లా తయారయ్యాయి. దాని పక్కనే పందికొక్కులు తవ్విన బొరియలు.

ఆ చోటును ముందే తవ్వి, మోడు పీకి, బంకమట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించి ఉంటే అయ్యే ఖర్చు, కట్టను అర కిలోమీటరు పొడవున ఎత్తు పెంచే ఖర్చులో ఏ మూలకూ రాదు. అందుచేత మీ తీర మండలాల కోరికల జాబితాలో "కట్ట ఎత్తు పెంచుట" అని ఉన్న ప్రతి పని దగ్గరా, ఆ కట్ట ఇంతకుముందు పైనుంచి నీళ్ళు పొర్లి తెగిందా, లోపలి నుంచి బుంగ పడి తెగిందా అని అడగండి. లోపలి నుంచి తెగిన కట్టకు ఎత్తు పెంచితే, మరింత నీటి ఒత్తిడిని అదే బలహీనమైన మట్టి మీద మోపినట్టవుతుంది.

ఒంగోలు వంటి పట్టణంలో మునక సంగతి వేరు. అక్కడ నది పొంగడం కంటే, కురిసిన వాన బయటకు పోయే దారి లేకపోవడమే అసలు సమస్య. పోతురాజు కాలువలో పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం వంటి పనులకు డబ్బు కంటే ధైర్యం ఎక్కువ కావాలి. వాటిని నిధుల కొరత పద్దులో వేయకండి.

ఇక తాగునీటి సంగతికి వద్దాము. పడమటి మండలాల సభ్యుల వాదనలో ఉన్న బలాన్ని మొదట ఒప్పుకోవాలి. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే దారి లేని చోట 1.5 వరకు అనుమతించవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. అది దాటిన నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళు రూపుదిద్దుకునే వయసులోనే గార పట్టి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు ఇక పోవు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. కాచి తాగినా ప్రయోజనం లేదు, మరిగేకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. నేను మొదట చెప్పిన ప్రశ్నను ఇక్కడ పెట్టి చూడండి. కట్ట తెగితే పోయిన పంటకు పరిహారం ఇవ్వగలము, కూలిన ఇంటిని తిరిగి కట్టగలము. అయిదేళ్ళ పిల్ల ఒక ఏడాది తాగిన నీటిని వెనక్కి తీసుకోలేము. వాయిదా వేయకూడని పనుల్లో ఇది ప్రాణనష్టాన్ని ఆపే పనులతో సమానంగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఆ వాదన నుంచి చాలామంది "కాబట్టి వెలిగొండ పూర్తయ్యేదాకా మరో పని వద్దు" అనే మాటకు వెళ్ళిపోతారు. వెలిగొండ అంటే శ్రీశైలం నీటిని సొరంగాల ద్వారా పడమటి ప్రకాశానికి తెచ్చే ప్రాజెక్టు. అక్కడ ఒక చిన్న గుణకారం చేయాలి. ఇంటింటికీ కొళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు. వెలిగొండ ద్వారా తాగునీరు అందవలసిన వారు 15.25 లక్షల మంది. ఏడాదికి లెక్కకడితే సుమారు 3,060 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అంటే అంతమందికీ కావలసింది ఏడాదికి దాదాపు 1.1 టీఎంసీ మాత్రమే. ఆవిరి, లీకేజీల కింద రెట్టింపు వేసుకున్నా రెండుంబావు టీఎంసీలు దాటదు. వెలిగొండ శ్రీశైలం వరద నీటి నుంచి తీసుకోదలచింది 43.5 టీఎంసీలు. ఆ ప్రాజెక్టు పడమటి ప్రకాశం సాగుకు ఊపిరి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ తాగునీటి కొరత అసలు నీళ్ళు లేనందువల్ల వచ్చింది కాదు. కొద్దిపాటి నీటిని భద్రంగా నిల్వచేసి, శుద్ధిచేసి, చివరి వీధి దాకా ఆగకుండా పంపే ఏర్పాటు లేనందువల్ల వచ్చింది. ఆ ఏర్పాటుకు ఇప్పుడే డబ్బు పెట్టవచ్చు. వెలిగొండ నీళ్ళు వచ్చిన రోజున అవే పైపులు పనికొస్తాయి.

వెలిగొండ విషయంలో వాయిదా ప్రశ్న మరో జవాబు ఇస్తుంది. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టులో సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాల తవ్వకం 2021లో ఒకటి, 2024లో ఒకటి పూర్తయ్యాయి. కొండల మధ్య సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల గ్యాపులను మూసి దాదాపు 54 టీఎంసీల నల్లమల సాగర్ జలాశయాన్ని తయారుచేశారు. ఇన్ని వేల కోట్లు రాతిలో పోసిన తర్వాత, ముంపు గ్రామాల వారికి పునరావాసం పూర్తికాకుండా అందులో నీళ్ళు నిలపడానికి వీల్లేదు. పెట్టిన పెట్టుబడినంతా పట్టి ఆపుతున్నది ఏ ఒక్క పనో, ఆ పనికి వేసే రూపాయికి ఉన్న విలువ కొత్త పథకానికి వేసే రూపాయికి ఉండదు. ముంపు కుటుంబాలు ఏళ్ళ తరబడి ఇల్లు బాగుచేసుకోలేక, వెళ్ళిపోనూ లేక ఎదురుచూస్తున్నాయి; వాయిదా వల్ల నష్టపోయేవారి లెక్కలో వారిని మొదటి వరుసలో రాయాలి. జిల్లా పరిషత్తు ఆ డబ్బు ఇవ్వలేదు కానీ తీర్మానంలో అడగగలదు. "ప్రాజెక్టు త్వరగా పూర్తిచేయాలి" అని కాకుండా, "ఫలానా పద్దుకు ముందు విడుదల చేయాలి" అని అడగండి.

తాగునీటి పథకాల నిర్వహణ గురించి నా అనుభవంలోది ఒకటి చెబుతాను. పడమటి ప్రకాశంలో ఒక మండలంలో ఇరవైకి పైగా ఊళ్ళకు నీరిచ్చే పథకం ఒకటి నా చేతుల మీదుగా అప్పగించాము. ట్రయల్ రన్ రోజున చివరి ఊళ్ళో ఒక ముసలమ్మ కొళాయి కింద చెయ్యి పెట్టి, నీళ్ళు నోట్లో పోసుకుని, ఉప్పగా లేవని పక్కావిడను పిలిచింది. రెండేళ్ళ తర్వాత అదే ఊరికి వెళ్తే కొళాయికి మేక కట్టేసి ఉంది. నీటిని ముందుకు నెట్టడానికి మధ్యలో ఉన్న బూస్టర్ పంపు మోటారు కాలిపోయింది. రీవైండింగుకు ఏ పద్దులోంచి ఇవ్వాలో తేలక ఎనిమిది నెలలు కాగితం తిరిగింది. ఆలోగా పైపులైను మీద నుంచి పొలాలవాళ్ళు కనెక్షన్లు లాగేసుకున్నారు. మోటారు ఖర్చు వేలల్లో, పథకం ఖర్చు కోట్లలో. నిర్వహణ పద్దు పేరుతో ముందే డబ్బు కట్టి ఉంచకుండా అప్పగించడంలో నా తప్పూ ఉంది. ఇప్పుడు ఎవరైనా కొత్త పథకం అడిగితే, పదేళ్ళపాటు కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, మోటారు మరమ్మతు ఎవరు భరిస్తారో రాసి ఇవ్వమని అడుగుతాను. అది రాయలేని పథకాన్ని వరుసలో కిందికి దించడం అన్యాయం కాదు.

ట్యాంకర్ల ఖర్చును కూడా ఇదే చోట చూడాలి. రెండు వేల జనాభా ఉన్న ఊరికి మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 1.1 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 22 ట్రిప్పులు. వేసవిలో వంద రోజులకు 2,200 ట్రిప్పులు. మీ మండలంలో ట్రిప్పుకు ఎంత చెల్లిస్తున్నారో దానితో గుణించి, అయిదు వేసవులకు కూడి, పైపులైను ఎస్టిమేటు పక్కన పెట్టి చూడండి.

ఇంజనీర్లు మీ ముందు పెట్టే లాభవ్యయ నిష్పత్తిని, అంటే రూపాయి ఖర్చుకు ఎంత లాభమన్న లెక్కను, గౌరవించండి కానీ దానికే లొంగిపోకండి. నీటిపారుదల పథకానికి ఆ నిష్పత్తి సాధారణంగా 1.5 ఉండాలంటారు, కరువు ప్రాంతాల్లో 1 ఉన్నా సరిపోతుంది. వరద కట్టకు లాభమంటే అది ఆపిన నష్టం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. రొయ్యల చెరువులూ డాబాలూ ఉన్నచోట ఆపిన నష్టం విలువ కోట్లలో కనిపిస్తుంది, పూరిళ్ళున్న మత్స్యకారుల పట్టపుపాలెం దగ్గర లక్షల్లోనే కనిపిస్తుంది. ఆ లెక్క ప్రకారమే పోతే కట్ట ఎప్పుడూ ఉన్నవాడి పక్కనే లేస్తుంది. అందుకని నిష్పత్తి పక్కనే ఎంతమంది మనుషులు, అందులో ఎంతమందికి వేరే దారి లేదు అన్న రెండు గళ్ళు ఉండాలి.

అలాగే వ్యవసాయ భూముల రక్షణకు కట్టను 25 ఏళ్ళ వరదకు, పట్టణానికి 100 ఏళ్ళ వరదకు తట్టుకునేలా రూపొందిస్తారు. ఈ మాటను సభ్యులు తరచుగా తప్పుగా అర్థం చేసుకుంటారు. 100 ఏళ్ళ వరద అంటే ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్న వరద. ముప్ఫై ఏళ్ళ కాలంలో అది ఒక్కసారైనా రావడానికి నూటికి 26 పాళ్ళు అవకాశం ఉంది. 25 ఏళ్ళ వరదకైతే అదే ముప్ఫై ఏళ్ళలో నూటికి దాదాపు 71 పాళ్ళు. కాబట్టి ఎంత కట్ట కట్టినా ఒకరోజు నీళ్ళు దాన్ని దాటుతాయనే అనుకుని, హెచ్చరిక వ్యవస్థకూ, ఎత్తైన చోట ఆశ్రయానికీ, అక్కడికి వెళ్ళే దారికీ కొంత డబ్బు విడిగా ఉంచాలి. ఈ డబ్బును తగ్గించి కట్టకు కలపడాన్ని నేను ఒప్పుకోను.

మీ సభలో సగం గొడవ, ఒకే సంచిలోంచి ఇద్దరూ తీసుకుంటున్నారనే అపోహ వల్ల కూడా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టింది; దాన్ని కట్టలకు మళ్ళించే వీలే ఉండేది కాదు. అదే సంఘం విపత్తుల పద్దును 80 శాతం ప్రతిస్పందన నిధిగా, 20 శాతం ముందస్తు నివారణ నిధిగా విడదీసింది. చాలామంది వరద వచ్చిన తర్వాత మొదటి దాని కోసం అర్జీలు పెడతారు. వరద రాకముందే రెండో దాని కోసం ప్రతిపాదన పంపేవాళ్ళు తక్కువ. బుంగ పడే చోటును ముందే బాగుచేసే పనికి ఆ నివారణ నిధి వర్తిస్తుందో లేదో నిబంధనలు చూసి అడగండి. ఏ పని ఏ సంచిలోంచి రాగలదో ముందు విడదీస్తే, నిజంగా పోటీ పడేది స్వేచ్ఛగా వాడుకోగలిగిన కొద్ది మొత్తం మీదనే అని మీకే కనబడుతుంది.

చివరిగా కాలం. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. బడ్జెట్టు ఏప్రిల్లో మొదలవుతుంది. పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు అన్నీ అయ్యేసరికి ఆగస్టు దాటుతుంది. కాంట్రాక్టరు మట్టి పోసేసరికి వాన మొదలవుతుంది. సరిగ్గా దిమ్మిస పడని కొత్త మట్టి మొదటి వానకే కోసుకుపోతుంది, ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు మాత్రం మిగులుతాయి. వాగుల్లో, కట్టల మీద మట్టి పనికి అనువైన కాలం ఫిబ్రవరి నుంచి జూలై దాకా. తాగునీటి ఇక్కట్లు మొదలయ్యేది మార్చిలో. అందుచేత మీ తీర్మానాలు రెండూ జనవరి ఆఖరులోగా కలెక్టరు దగ్గరకు చేరాలి: మోటార్లు, బోర్లు, నిల్వ చెరువులు నింపుకోవడం అనే జాబితా మార్చికి ముందు పూర్తికావడానికి, కట్టల బలహీన స్థానాల జాబితా ఏప్రిల్ ఒకటిన టెండరుకు సిద్ధంగా ఉండటానికి.

ఆ రెండో జాబితా ఆఫీసులో కూర్చుని తయారుచేయవద్దు. సంక్రాంతి దాటిన వారంలో, నీరు తీసిన తర్వాత, ఇద్దరు సభ్యులు పడమటి నుంచి, ఇద్దరు తూర్పు నుంచి, ఒక అసిస్టెంట్ ఇంజనీరు కలిసి కట్టల మీద నడవండి, తర్వాత అదే బృందం కనిగిరి వైపు బూస్టర్ పంపుల దగ్గరకు వెళ్ళాలి. మునిగిన ఊరిని పడమటి సభ్యుడు, మేక కట్టిన కొళాయిని తూర్పు సభ్యుడు కళ్ళతో చూడాలి. కట్ట మీద నడిచేటప్పుడు ఆ సెక్షన్ లస్కరును తప్పకుండా వెంట పిలవండి. గత వానల్లో ఎక్కడెక్కడ నీరు ఎర్రగా ఊరిందో ఆయన చెప్పిన చోటల్లా ఒక కొయ్య పాతి, ఎస్టిమేటు ఆ కొయ్యల దగ్గర నుంచి మొదలుపెట్టమనండి.